మన్రో వంశములును వారి బిరుదములును

బిరుదమును గోరని మనుష్యుడు లోకమున నరుదు. తాను పొందిన బిరుదము తనతో నంతరింపక కొడుకునకును మనుమనికిని సంక్రమింపవలెనని కోరనివాడు మరింత యరుదు. తండ్రి వ్యాకరణమున నెంత పండితుడైనను, కొడుకు తాను గూర్చుండి చదివిననే గాని వానికి సంధికార్యము తెలియదు. వైద్యుని కొడుకు నాడీజ్ఞానముతో పుట్టడు. విద్యవలెనే గౌరవమును ఎవరికి వారు సంపాదించుకొనవలసినదని బడిలో పిల్లలకు చెప్పుచున్నాము. కాని యొకని గౌరవము వాని సంతతివారికి పుట్టుకతోడనే యబ్బునట్లు శాసనముచే నేర్పరచుకొన్న దేశములును కలవు. బ్రిటను అట్టి దేశములలో నొకటి. అచ్చట తాత ముత్తాతలనాటి బిరుదములు నేటికిని చెల్లుచున్నవి. ఆ బిరుదములు ఎట్లు పుట్టినవి, ఎట్లు ప్రాకినవి, తుదకు వానివలన నిలిచినదేమి యని విచారించుటకు మన తెలుగునాటితో సంబంధముగల యొక నామధేయమునే తీసికొందము. అది మన్రో యను పేరు.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది మా విద్యార్థులు వ్రాసిన యొక తప్పు. బక్సారు యుద్ధమున గెలిచిన మన్రోయే తరువాత దత్తమండలమున రైతువారీ పద్ధతిని నెలకొల్పెనని చరిత్ర పరీక్షలో నిద్దరు ముగ్గురు బాలురు వ్రాసిరి. ఎఱ్ఱసిరాతో కొట్టివేయబోయి, చిన్ననాట మేమును ఈ తప్పే చేసితిమని జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిమి. పేరొక్కటియైనప్పుడు మనుష్యుడు నొక్కడే యనుకొనుట సహజము. మనుష్యులు వేఱని తెలిసిన పిమ్మటనైనను వంశమొక్కటే యనుకొనుట మరింత సహజము.

నిజమునకు భారతదేశచరిత్రలో ప్రసిద్ధులైన మన్రోలు మువ్వురు. 1764 అక్టోబరు 22వ తేదీన బక్సారున గెలిచినవాడు నోవార్ గ్రామపు హెక్టర్ మన్రో. 1800 మొదలు 1807 వరకు దత్తమండలమునకు ప్రధాన కలెక్టరుగా నుండి, తరువాత చెన్నపట్టణపు గవర్నరైనవాడు తామస్ మన్రో. తిరువాన్కూరు, కొచ్చి సంస్థానములలో రెసిడెంటుగను దివానుగను ఉండినవాడు జాన్ మన్రో. కొల్లమునకు సమీపమున నీ జాన్ మన్రో పేరిట నొక ద్వీపమే కలదు. మువ్వురును స్కాట్లండువారే. కాని యొకరు మఱియొకరికి తండ్రియు గాడు, తమ్ముడును గాడు. వీరిలో హెక్టరునకు దొరకినది నైటు పదవి. అది యాయనతోడనే ముగిసినది. వంశపారంపర్యముగా దిగివచ్చు బిరుదము తామస్ మన్రో యొక్కనికే లభించినది.

మన యింటిపేర్లను ఈ సందర్భమున తలచుకొనుట మంచిది. మనలో ననేకుల యింటిపేర్లు ఊళ్లపేర్లే. పూర్వులొక యూరు విడిచి మఱియొక యూరు చేరగా, విడిచిన యూరు ఇంటిపేరై వెంటవచ్చినది. ఇంటిపేరొక్కటియైనవారందఱును జ్ఞాతులు గారని, గోత్రము విచారింపనిదే యేమియు తేలదని మన పెద్దలెఱుగుదురు. స్కాట్లండు కొండసీమలలోను నిట్టి స్థితియే యుండెను. అచ్చట తెగనాయకుని పేరును నాయకుని రక్తసంబంధులే గాక, అతని భూమిని దున్నుకొనువారును, అతని నీడన బ్రదుకువారును గూడ ధరించుచుండిరి. కావున పేరొక్కటియైనవారిని వేఱుపఱచుటకు ఊరిపేరు చేర్పవలసి వచ్చినది. ఫౌలిస్ మన్రో, లిండర్టిస్ మన్రో యనుట అందువలననే. మనకు ఊరే యింటిపేరైనది. వారికి ఇంటిపేరునకు ఊరు కావలి యైనది.

ఈ ఫౌలిస్, లిండర్టిస్ అనునవి మన్రో నామధేయులకు దొరకిన రెండు బారొనెట్టు బిరుదముల స్థానములు. బారొనెట్టు అన నేమియో ముందు చెప్పవలయును. డ్యూకు, ఎర్లు, బారన్ మొదలగువారు ప్రభువర్గమున జేరుదురు. వారిలో బారన్ కడపటివాడు. బారొనెట్టు అంతకును దిగువవాడు, ప్రభువు గాడు. ప్రభువుల సభలో వానికి నా బిరుదముచే నెన్నడును స్థానము లేదు. పేరునకు ముందు నైటువలెనే సర్ అని వ్రాసికొనును. అయితే నైటు పదవి పొందినవానితో పోవును. బారొనెట్టు బిరుదము పెద్దకొడుకునకు వచ్చును, వానినుండి వాని పెద్దకొడుకునకు వచ్చును. సంతతి లేకున్న తమ్మునికి, తమ్ముడు లేకున్న దాయాదికి చెందును. పురుషసంతతి యంతరించిన బిరుదమును అంతరించును.

ఈ బిరుదము పుట్టిన విధము వినదగినది. 1611వ సంవత్సరమున మొదటి జేమ్సు రాజునకు ఐర్లండులోని అల్‌స్టరు సీమయందు సైన్యమును నిలుపవలసి వచ్చినది. బొక్కసము వట్టిపోయి యుండెను. అప్పుడు సంవత్సరమునకు వేయి పౌనుల భూవరుమానము గల కులీనులకు ఒక క్రొత్త బిరుదము నమ్మదలచిరి. ముప్పదిమంది భటులకు, దినమునకు ఎనిమిదేసి పెన్నీల చొప్పున, మూడేండ్ల జీతము చెల్లించినవాడు బారొనెట్టు కావచ్చును. లెక్కవేసి చూడుడు. ముప్పదిమందికి దినమొక్కటికి 240 పెన్నీలు, అనగా సరిగా నొక పౌను. మూడేండ్లకు 1095 పౌనులు. ఇదియే యా గౌరవమునకు నిర్ణయించిన వెల. మొదట నిన్నూరుమందికి మించి యీయరాదని కట్టుబాటు చేసిరి. కాని యమ్ముడుపోవు సరకునకు కట్టుబాటు నిలుచునా? అది త్వరలోనే తెగిపోయినది.

ఆ జేమ్సు రాజు కాలముననే మఱియొక యోచన బయలుదేరెను. అమెరికా తూర్పుతీరమున నోవా స్కోషియా, అనగా క్రొత్త స్కాట్లండు, అను పేరిట నొక వలసరాజ్యమును స్థాపింపవలెనని సర్ విలియం అలెగ్జాండరు అను కవి, రాజోద్యోగి ప్రయత్నించెను. దానికి ధనము కావలసియుండెను. 1625లో మొదటి చార్లెసు రాజు నోవా స్కోషియా బారొనెట్టులను సృష్టించెను. ఒక్కొక్కరు చెల్లింపవలసినది మూడువేల మెర్కులు. అందు రెండువేలు ఆఱుగురు భటులను రెండేండ్లు పోషించుటకు, వేయి అలెగ్జాండరునకు. బిరుదముతోపాటు ఆ దూరదేశమున భూమియు నిచ్చుచుండిరి. భూమిని స్వాధీనము చేసికొనుటకు సముద్రము దాటవలసిన పని లేకుండ, ఎడింబరో కోటయొద్ద మట్టినే నోవా స్కోషియా మట్టిగా భావింపవలెనని యేర్పాటు చేసిరి. అచ్చట పిడికెడు మన్ను చేతబట్టినవాడు సముద్రమున కావలనున్న వేల యెకరములకు స్వామి యయ్యెను! 1632లో జరిగిన సంధి ననుసరించి ఆ దేశమును ఫ్రాన్సునకు మరల నప్పగించిరి. భూమి పోయినది గాని, ఆ భూమి పేరిట బిరుదము లిచ్చుట మాత్రము మానలేదు.

ఫౌలిస్ మన్రోల బిరుదము ఈ భూమిలేని కాలమునకు చెందినదే. క్రోమర్టీ సముద్రశాఖ యొడ్డున ఫౌలిస్ కోట యున్నది. అది మన్రో తెగనాయకుల నివాసము. వారిలో హెక్టర్ అను నాయకుడు 1634లో, అనగా నోవా స్కోషియా పరాధీనమైన రెండేండ్లకు, నోవా స్కోషియా బారొనెట్టు ఆయెను. అతడు మఱుసటి సంవత్సరమే మరణించెను. అతని కొడుకు చిన్నతనముననే గతింపగా బిరుదము శాఖ మాఱినది. ఆ వంశమున శూరులు లేరని మా యభిప్రాయము గాదు. ఆఱవ బారొనెట్టు సర్ రాబర్టు 1745లో ఫాంటెనాయ్ రణరంగమున కొండసీమ దళమును నడపి పేరొందెను. 1746 జనవరి 17వ తేదీన ఫాల్కర్కు యుద్ధమున నతడును, వైద్యుడైన యతని తమ్ముడును ఒక్కచోటనే హతులైరి. శత్రువులే యాయనను గౌరవముతో పాతిపెట్టిరి. ఆ గౌరవము బారొనెట్టునకు జరిగినది గాదు. వెనుదీయని వీరునకు జరిగినది.

ఫౌలిస్ భూమిని గూర్చి స్కాట్లండున నొక ముచ్చట చెప్పుకొందురు. ఆ భూమికి రాజు కోరిన కప్పము బంగారము గాదు, ధాన్యము గాదు. ఎండకాలము నడుమ నడిగినప్పు డొక మంచుముద్ద యీయవలెనట. వారి భూమియందలి బెన్ వైవిస్ అను పర్వతపు లోయలలో మంచు వేసవియందును దొరకుచుండుటచే ఆ కప్పము భారము గాకపోయెను. ఈ పర్వతము పేరు చదువరులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. మరల దానితో పని యున్నది.

ఎనిమిదవ బారొనెట్టు సర్ హ్యూ కాలమున నా యింట నొక గొప్ప వ్యవహారము జరిగినది. అతనికి ఒక్కతియే కుమార్తె. పేరు మేరీ సీమోర్. ఆమె జననమైన పిమ్మట కొన్నియేండ్లకు గాని తల్లిదండ్రులకు వివాహము కాలేదు. ఆ కాలపు ఇంగ్లండు న్యాయము ప్రకారము ఆమె ధర్మసంతానము కాదు. స్కాట్లండు న్యాయము ప్రకారము, తల్లిదండ్రులు తరువాత వివాహము చేసికొన్నచో ముందు పుట్టిన శిశువును ధర్మసంతానమే. బిడ్డ పుట్టినది ఇంగ్లండున, తండ్రి స్కాట్లండువాడు. ఏ న్యాయము చెల్లవలెను? వివాదము ప్రభువుల సభవఱకు పోయినది. తండ్రి యింగ్లండున నెన్నియేండ్లున్నను స్కాట్లండు నివాసమును విడిచినవాడు గాడని, కుమార్తె ధర్మసంతానమే యని 1840లో తీర్పు వచ్చినది. తల్లిదండ్రుల యాలస్యమునకు బిడ్డను శిక్షింపరాదన్న ఆ స్కాట్లండు ధర్మము ఇంగ్లండున శాసనమగుటకు 1926వ సంవత్సరమువఱకు కాలము పట్టెను.

1848లో సర్ హ్యూ గతించెను. న్యాయస్థానమున గెలిచిన యా కుమార్తెకు భూమి వచ్చినది, కోట వచ్చినది. బిరుదము మాత్రము రాలేదు. అది చార్లెసు అను దూరపు దాయాదిని వెదకుకొని పోయినది. మఱుసటి సంవత్సరమే యామెయు మరణింపగా భూమియు నాతనికే చేరినది. ఇట్టి చీలిక మఱియొకమాఱు జరిగినది. పదునొకండవ బారొనెట్టు సర్ హెక్టర్ కుమారుడు 1918లోనే గతించెను. 1935లో తండ్రి మరణింపగా భూమియు, తెగనాయకత్వమును కుమార్తె సంతతికి చెందినవి. బారొనెట్టు బిరుదము పురుషపరంపరలోని దాయాదికి పోయినది. మన్రోలకు నాయకుడొకడు, మన్రో బారొనెట్టు మఱియొకడు. నూఱేండ్లలోపుగ రెండుమాఱులు భూమి కూతును గుర్తించినది, బిరుదము గుర్తింపలేదు.

ఇక లిండర్టిస్ మన్రోల సంగతి. ఆ బిరుదమునకు మూలపురుషుడైన తామస్ మన్రో 1761 మే 27వ తేదీన గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేయుచుండెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున నా వ్యాపారము మునిగిపోయెను. కొడుకు చదువు చాలించి కంపెనీ సైన్యమున సామాన్యపు కేడెట్టుగా చేరి 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. హైదరుతోను టిప్పూతోను జరిగిన యుద్ధములం దుండెను. 1792 మొదలు బారామహలులో రీడు దొరయొద్ద భూమి పన్నుల పని నేర్చెను. 1800లో నిజాము బళ్లారి, కడప మొదలగు సీమలను కంపెనీకి వదలుకొనగా, ఆ దత్తమండలమునకు ప్రధాన కలెక్టరుగా నియమింపబడెను.

ఆ యేడేండ్ల పాలనను గూర్చి మంచిచెడ్డలు రెండును చెప్పవలయును. ఎనుబదిమంది పాలెగాండ్ర నాతడు అణచెను. ఆ కాఠిన్యమును లండనునందలి కంపెనీ డైరెక్టర్లే యాక్షేపించిరి. పొలమువెంట పొలము కొలిపించి, జమీందారు నడుమ లేకుండ రైతు పేరిట నేరుగా పన్ను నిర్ణయించెను. ఆ పన్ను బరువైనదే. నిర్ణయించిన వానికే యది తెలిసినది. 1807లో పని విడుచునప్పుడు పన్నులో 25 శాతము తగ్గింపవలెనని సిఫారసు చేసెను. ప్రభుత్వము వినలేదు. 1820లో తానే గవర్నరై వచ్చిన పిమ్మట గాని యది యమలునకు రాలేదు. నడుమ నా పదుమూడేండ్లు రైతు మోసిన భారమును ఏ బిరుదమును తీర్పజాలదు. అయినను తన లెక్క తానే దిద్దుకొనవలెనని కోరిన యధికారులు ఏ కాలమునను మెండుగా నుండరు.

గవర్నరుగా నాతడు చేసిన పనులలో పాఠశాలల విచారణము మా బోటివారి కెక్కువ ప్రియమైనది. 1822లో జిల్లా కలెక్టర్లందఱిని తమ తమ సీమల బడులను, చదువరులను లెక్కించి పంపుడని కోరెను. వచ్చిన లెక్కలను బట్టి 1826లో వ్రాసిన నివేదికలో, ఒక కోటి 28 లక్షల పైచిలుకు జనమునకు 12,498 బడులున్నవని, అనగా ఇంచుమించుగ వేయిమందికొక బడి చొప్పున నున్నదని తెలిపెను. ఆ లెక్కలో బాలికల సంఖ్య మిక్కిలి స్వల్పము. ఇంగ్లీషువారు రాకమునుపు మనకు బడులే లేవన్నవారికిని, అప్పుడు చదువు అందఱకు నుండెనన్నవారికిని ఆ నివేదిక యొక్కటే సమాధానము. దేశీయులను పై యుద్యోగములకు రానీయకుండుట వారి శీలమునే క్రుంగదీయునని 1824 చివరను తన ప్రభుత్వమునకు వ్రాసెను. ఈ మాట విన్నవారు ఆ కాలమున కొద్ది.

1824లో బర్మాయుద్ధము రాగా, స్వదేశమునకు పోదలచినవాడు పోక నిలిచెను. ఆ యుద్ధకాలపు సేవకు 1825లో లిండర్టిస్ బారొనెట్టు బిరుదము లభించినది. లిండర్టిస్ స్కాట్లండులో ఫర్ఫారు సీమయందున్న యెస్టేటు. ఆ బిరుదమును ధరించి స్వదేశమున తిరుగు భాగ్యము మాత్ర మాతనికి లేకపోయెను. తనకు ప్రియమైన దత్తమండలమును కడసారి చూచి పోవుదమని 1827లో బయలుదేరి, పత్తికొండయొద్ద విషూచి తగిలి, జులై 6వ తేదీన కన్నుమూసెను. గుత్తియందు పాతిపెట్టిరి. కొన్నియేండ్లకు ఎముకలను చెన్నపట్టణపు కోటలోని చర్చికి తీసికొనిపోయిరి. ఫ్రాన్సిస్ చాంట్రీ మలచిన గుఱ్ఱపు విగ్రహమును 1839లో ఆ నగరమున నెలకొల్పిరి.

విగ్రహములు సర్కారువారును ధనికులును చందాలువేసి నిలుపునవి. జనుల జ్ఞాపకము వేఱుచోట్ల నుండును. పత్తికొండలో నాతని పేరిట తోపు నాటిరి, దిగుడుబావి త్రవ్వించిరి. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి యాతనికి మాత్రమే కనబడి మఠపు మాన్యమును గూర్చి మాటలాడెనని భక్తులొక కథ చెప్పుదురు. కథను నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. కాని మాన్యము తీసివేయవచ్చిన యధికారిని గూర్చి జనులిట్టి కథ చెప్పుకొనిరనుటయే చరిత్రకారునకు సాక్ష్యము. ఇంతకంటె నపూర్వమైన దొకటి కలదు. దత్తమండలమున కొన్ని కాపుటిండ్లలో మగబిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొను వాడుక యుండెనని పెద్దలు చెప్పుదురు. మన్రో యను స్కాట్లండు నామమునకు మన యప్ప చేరినది! ఆ బిడ్డకు బారొనెట్టు బిరుదముతో నేమి సంబంధము?

ఇక నాతని వారసులెవరని విచారింతము. పెద్దకొడుకు తామస్ ఎనిమిదేండ్ల ప్రాయముననే రెండవ బారొనెట్టై 1901 వఱకు జీవించెను. డెబ్బదినాలు గేండ్లు సర్ అనిపించుకొనెను. ఆయనను జ్ఞప్తియం దుంచుకొనదగిన పని చరిత్రలో మాకు కనబడలేదు. పిదప తమ్ముడు క్యాంబెల్ మూడవవాడయ్యెను. ఆయన కొడుకు హ్యూ నాలుగవవాడు. ఆయన కథ వేఱు. హ్యూ మన్రోకు పర్వతములన్న నత్యంత ప్రీతి. స్కాట్లండున మూడువేల యడుగులకు మించిన శిఖరములెన్ని యున్నవో యప్పటికి స్పష్టముగా నెవరికిని తెలియదు. ఆయన పటములు శోధించి, కాలినడకను కొండలెక్కి, ఎత్తులు కొలిచి, 1891లో పర్వతారోహకసంఘ పత్రికలో నొక పట్టిక ప్రకటించెను. అందు ప్రత్యేక పర్వతములు 283, వాని యుపశిఖరములతో గూడ మొత్తము 538. అప్పటి కాయన బారొనెట్టు కాడు. ఆ బిరుదము మఱి యిరువదిరెండేండ్లకు, 1913లో, తండ్రి మరణముచే సంక్రమించినది. పట్టికలోని శిఖరములన్నిటిని తా నెక్కకుండగనే 1919లో ఫ్రాన్సు దేశమున గతించెను.

నేడు స్కాట్లండున మూడువేల యడుగులు దాటిన పర్వతమును మన్రో యనియే యందురు. తరువాతి కొలతలచే సంఖ్య 282 ఆయెను. ఇంకొక మన్రో నెక్కితిమి, నూఱు మన్రోలు ముగించితిమి అని యచ్చటి యువకులు చెప్పుకొందురు. వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న విశేషనామము సామాన్యనామమైనది. ఫౌలిస్ వారు మంచుముద్దను కప్పముగా చెల్లించిన బెన్ వైవిస్ పర్వతమును ఆ పట్టికలో నొకటి. నోవా స్కోషియా బిరుదముగల పాతవంశమువారి కొండ, లిండర్టిస్ వంశమువాని పరిశ్రమచే మన్రో యయ్యెను. తాత పేరు రాయలసీమ కాపువాని యింట పిల్లపేరైనది. మనుమని పేరు స్కాట్లండు కొండకు పేరైనది. ఈ రెండింటిలో నేదియు బిరుదముద్వారమున వచ్చినది గాదు. బిరుదముద్వారమున వచ్చినది రెండవ తామస్ మన్రో డెబ్బదినాలు గేండ్లు ధరించిన సర్ అను నొక్క మాటయే.

పేరును బిరుదమునకు గట్టివేయుటకు శాసనములే చేసిన సందర్భము మన దేశమునను కలదు. బొంబాయి వర్తకుడు, మహాదాత జంషెట్జీ జీజీభాయి 1857లో బారొనెట్టు ఆయెను. భారతీయులలో నాయనయే మొదటివాడు. ఆయన మరణానంతరము 1860లో చేసిన చట్టమువలన, ఆ బిరుదమునకు వచ్చు ప్రతి వారసుడును తన పేరు విడిచి జంషెట్జీ జీజీభాయి యను పేరే ధరింపవలసి వచ్చెను. ఆయన ధనముచే వెలసిన వైద్యశాలను, చిత్రకళాశాలను ముంబయిలో నేటికిని జె. జె. యని పిలుచుచున్నారు. ఆ రెండక్షరములను నిలిపినది పేరుమార్పిడి చట్టమా, రోగులకును విద్యార్థులకును జరిగిన యుపకారమా? సమాధానము సుగమము.

ఇందు స్త్రీలకు జరిగిన యన్యాయమును విడిచి పోరాదు. కొన్నిటిని మినహాయించి బారొనెట్టు బిరుదములన్నియు పురుషులకే చెందును. కూతురెంత సమర్థురాలైనను, ముఖమెఱుగని దాయాది యామెను దాటిపోవును. బ్రిటిషు పార్లమెంటు 2013లో చట్టముచేసి, సింహాసనమునకు అన్న చెల్లెండ్రలో కొడుకునకు ప్రాధాన్యమను నియమమును తొలగించెను. కాని యా చట్టము ప్రభువుల బిరుదములకును, బారొనెట్టు బిరుదములకును తగులలేదు. రాజ్యమునకు రాణి కాదగిన కూతురు, వట్టి బిరుదమునకు తగకపోయెను! సారము లేనిచోటనే యాచార మెక్కువ గట్టిగా పట్టుకొని యుండుట మన యిండ్లలోను చూచుచునే యున్నాము.

మన దేశము ఈ విషయమున స్పష్టమైన మార్గము తొక్కినది. 1950 జనవరి 26వ తేదీన నమలునకు వచ్చిన రాజ్యాంగమున 18వ అధికరణము, సైనిక విద్యావిషయక గౌరవములు దక్క మఱి యే బిరుదమును ప్రభుత్వ మీయరాదని శాసించినది. 1954లో భారతరత్న మొదలగు గౌరవములు నెలకొల్పినప్పుడు ఇవియు బిరుదములే గదా యని శంక పుట్టెను. 1995లో సర్వోన్నత న్యాయస్థానము అవి బిరుదములు గావని తేల్చి, అయితే వానిని పేరునకు ముందు గాని వెనుక గాని తగిలించుకొనరాదని చెప్పినది. అనగా గౌరవము చేసిన పనికి. పేరునకు గాదు, సంతతికి అంతకంటె గాదు.

శాసనము చేసితిమి. మన మనస్సుల సంగతి యేమి? మే మెఱిగిన యొక యింట వసారాలో పటము కట్టించిన పాత సన్నదు ఒకటి యుండెడిది. ఆ యింటి పెద్దలలో నొకరికి ఇంగ్లీషువారి కాలమున దొరకిన రావుసాహెబు బిరుదపు కాగితమది. ఆ బిరుదము పారంపర్యము గాదు, పొందినవారితోడనే పోయినది. అయినను పెండ్లిమాటలకు వచ్చినవారికందఱకు మొట్టమొదట దానినే చూపెడివారు. ఒకనాడు ఆ యింటి పదియేండ్ల మనుమరాలు, ఇది యెందుకిచ్చినారు, తాతగారేమి చేసినారు అని యడిగినది. పెద్దలు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. ఎవరికిని తెలియదు. ఊరికి చెఱువు త్రవ్వించెనా, బడి కట్టించెనా, లేక దొరవారికి వేటయేర్పాట్లు చేసెనా, చెప్పగలవారు లేరు. తుదకు ఒకరు ఆమెను లోపలికి పోయి చదువుకొమ్మని కసరిరి. పటము మాత్రము గోడమీదనే యున్నది.

ఆ బాలిక యడిగిన ప్రశ్నయే చరిత్రశాస్త్రమునకు మూలప్రశ్న. ఫౌలిస్ బిరుదమును ఆ ప్రశ్న యడిగిన, పరాధీనమైన భూమి పేరిట పుట్టితి నని చెప్పును. లిండర్టిస్ బిరుదము నడిగిన, సగము యుద్ధమును, సగము పత్తికొండ మట్టిని చూపును. ప్రతి కుటుంబమునకును పూర్వులు కలరు. వారిలో మంచివారును కలరు. వారి పేరు చెప్పుకొనుట తప్పుగాదు. కాని పేరుతోపాటు వారు చేసిన పని యేదో పిల్లలకు చెప్పవలయును. కొడుకునకు చెప్పినట్లే కూతునకును చెప్పవలయును. చెప్పుటకు పని యేదియు కనబడనిచో పటమును గోడనుండి దించి, ఆ చోట పుస్తకముల బీరువా నుంచుట మేలు.